గుడ్డ కింది డో

మా ఇంటికి పియానో నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు మొదటి రోజు పియానో కనబడదు. ముందు గదిలో కిటికీ పక్కన బల్ల మీద కీబోర్డు ఉంటుంది. దాని మీద మా అమ్మ పాత తెల్లచీర ముక్క పరిచి ఉంటుంది. పిల్లలు ముందు నోటితో డో పాడాలి. సరిగ్గా పాడితే గుడ్డ అంచు ఒక్క మెట్టు మేర మడుస్తాను. ఆ మెట్టు ఇక వాళ్లది, ఎంతసేపైనా నొక్కుకోవచ్చు. రే పాడితే ఇంకో మెట్టు. మన సరిగమలకు పడమటి దేశాల వాళ్లు పెట్టుకున్న పేర్లే డో రే మీ ఫా అని చెబితే పిల్లలు తొందరగానే అందుకుంటారు. కొందరు గుడ్డ తీయగానే మెట్టును తాకి వేళ్లు కళ్లకద్దుకుంటారు. నేనెవరికీ నేర్పలేదు, పుస్తకాలను మొక్కినట్టే మొక్కుతారు. నేనూ క్లాసు మొదలయ్యే ముందు ఒక్క క్షణం కళ్లు మూసుకుంటాను. పిల్లలకు అది అలవాటైపోయింది, టీచర్ కళ్లు తెరిచేదాకా అల్లరి ఆపుతారు.

ఈ పద్ధతి అమ్మది. జగిత్యాలలో మా చిన్నప్పుడు ఇంట్లో ఏ వాద్యమూ లేదు. అమ్మ హాస్టల్లో చదువుకున్న రోజుల్లో చర్చి పాటల బృందంలో ఉండి ఈ స్వరాలు నేర్చుకుంది. నాకు చెప్పాలనుకున్నప్పుడు గచ్చు మీద సుద్దముక్కతో మెట్లు గీసింది. గీసిన మెట్లు పలకవు కాబట్టి పలికే పని నా నోటిదే. అన్నం వార్చుతూ, బియ్యం ఏరుతూ అమ్మ పాడేది, నేను గచ్చు మీద వేలు పెట్టి పాడేదాన్ని. ఇల్లు కడిగిన ప్రతిసారీ నా పియానో కొట్టుకుపోయేది, అమ్మ మళ్లీ గీసేది. నేను ఏ సంగీత కళాశాల గడపా తొక్కలేదు. నాకున్నదంతా ఆ గచ్చు మీద దొరికిందే, అందుకు దేవునికి స్తోత్రం చెప్పని రోజు లేదు.

పెళ్లయి కోరుట్ల వచ్చాక చాలామంది పిల్లలకు ఆ గుడ్డ మడిచాను. మడవలేకపోయింది ఒక్క పిల్లకు.

ఆ పిల్ల రెండో తరగతికి మా ఊరి బడిలో చేరింది. అంతకుముందు సిరిసిల్లలో నాయనమ్మ ఇంట్లో పెరిగింది. తండ్రి అక్కడ సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను అక్కడ అట్లాగే అంటారు. ఇప్పుడు మస్కట్‌లో పని. తల్లి ఇక్కడ పుట్టింటికి దగ్గరలో ఒక గది తీసుకుని జాకెట్లు కుడుతుంది. తండ్రి పోయినసారి సెలవుకు వచ్చినప్పుడు ఒక చిన్న కీబోర్డు తెచ్చి, ఒక పాట నేర్చుకుని ఫోన్లో వాయించి వినిపించమని బిడ్డకు చెప్పి వెళ్లాడట. తల్లి ముచ్చటపడి ఆ మెట్లకు వరసగా బొట్టుబిళ్లలు అంటించి, ఎర్రదాని తర్వాత ఆకుపచ్చది నొక్కమని తనకు తోచినట్టు నేర్పి చూసింది. అది కుదరక నా దగ్గరికి పంపింది.

నేను డో ఇస్తే ఆ పిల్ల శ్రద్ధగా విని, గుండెనిండా ఊపిరి పీల్చి, పక్కింటికి వినబడేంత గట్టిగా ఇంకేదో స్వరం పాడేది. స్వరం మార్చి ఇచ్చి చూశాను. నేను ఎక్కడ ఇచ్చినా ఆమె పాడేది ఆ ఒక్కటే. కీబోర్డు మీద వెతికితే అది తెల్లమెట్టుకూ దొరకదు, దాని పక్క నల్లమెట్టుకూ దొరకదు, రెండింటి మధ్యలో ఎక్కడో ఉంది. మిగతా పిల్లలు మూతులు మూసుకుని నవ్వేవాళ్లు. ఒకడైతే ఆగలేకపోయాడు.

"గామె పాడుతలేదు టీచర్, మోగుతున్నది. మీ ఫ్రిజ్ లెక్క."

అందరూ నవ్వారు. వాడిని మందలించాను గానీ ఆ పిల్ల వాడివైపు చూడను కూడా లేదు. తెల్లగుడ్డనే చూస్తూ నిలబడింది. రోజూ వచ్చేది, రోజూ పాడేది, గుడ్డ అంచు కదలకుండానే వెళ్లిపోయేది. ఒక్కసారి కూడా మారాం చేయలేదు.

దసరా సెలవులకు పిల్లను సిరిసిల్ల పంపి, తల్లి ఒకరోజు నా దగ్గరికి వచ్చింది. సిరిసిల్లలోనే ఉన్న మా ఆడపడుచు ఇంట్లో కృతజ్ఞతా ప్రార్థన ఉండి నేనూ ఆ ఊరికే వెళ్తున్నానని ఆమెకు తెలుసు. వచ్చేటప్పుడు పిల్లను బస్సులో తీసుకురమ్మని అడిగింది. తీసుకొస్తానన్నాను. ఆమె ఇంకా కూర్చునే ఉంది.

"సెలవులైనంక ఇగ పంపియ్య అక్కా. పాట ఆమెకు వస్తలేదు, మీకెందుకు ఊకె తిప్పల? కీబోర్డు మా అన్న పిల్లలకిస్త."

తండ్రికి ఏం చెబుతావని అడిగాను.

"ఏం చెప్తనక్కా? నీ బిడ్డ నీ లెక్కనే ఒర్రుతది గని పాడది అంట. గాయినకు తెల్వదా తన గొంతు."

నవ్వుతూనే అంది గానీ లేచేటప్పుడు కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆమె వెళ్లాక ప్రార్థనలో ఆ పిల్ల పేరు చెప్పుకున్నాను. ఏమి అడగాలో తోచలేదు. పేరు మాత్రం చెప్పి ఊరుకున్నాను.

సిరిసిల్లలో ప్రార్థన, భోజనాలు ముగిశాక పిల్లకోసం వెళ్లాను. సన్నని గల్లీ. మొదట్లోనే మోత మొదలైంది. ఇల్లు చేరేసరికి నా మాట నాకే వినబడలేదు. ఇంటిని ఆనుకుని రేకుల షెడ్డు, అందులో సాంచాలు నడుస్తున్నాయి. నాయనమ్మ గుమ్మం దగ్గర నూలు కండెలు చుడుతూ, నన్ను చూసి చేత్తోనే రమ్మంది, చేత్తోనే కూర్చోమంది, అన్నం తిన్నావా అని కూడా చేత్తోనే అడిగింది. ఆ ఇంట్లో మాట చేరాలంటే చెయ్యి ఊపాలి, లేదంటే కేక వేయాలి.

పిల్ల షెడ్డు మెట్టు మీద కూర్చుని ఖాళీ కండెలు వరుసగా పేర్చి, వేళ్లతో వాటిని నొక్కుతోంది. నోరు కదులుతోంది, పాట మాత్రం వినబడడం లేదు. సాంచాల టకటకల కింద మోటార్లది ఒక హోరు ఉంది, అది ఎక్కడా తెగడం లేదు. ఆమె గొంతు అందులో కలిసిపోయింది.

అప్పుడే కరెంటు పోయింది.

మోతంతా ఒక్కసారిగా పడిపోయింది. ఆ నిశ్శబ్దంలో పిల్ల గొంతు ఒక్కటే నిలిచి ఉంది. ఆ స్వరమే. నా ముందు గదిలో ఇన్నాళ్లూ విన్న, కీబోర్డులో నేను వెతికి దొరకబట్టలేకపోయిన స్వరం. ఇప్పటిదాకా నా చెవుల్లో ఉన్న మోటార్ల హోరు కూడా సరిగ్గా అదే. పుట్టినప్పటినుంచి ఆ హోరులోనే ఆమె నిద్రపోయింది, లేచింది, మాటలు నేర్చింది. డో ఎక్కడుంటుందని అడిగితే ఆమెకు తెలిసిన చోటు అదొక్కటే.

పక్కన కూర్చుని ఆమె స్వరాన్నే నేను డోగా పట్టుకున్నాను. దాని మీద రే పాడాను. ఆమె నావైపు తిరిగి రే పాడింది. మీ పాడాను, మీ పాడింది. ఫా దగ్గర కొంచెం జారి, తనే సర్దుకుంది. సో దగ్గరికి వచ్చేసరికి ఆమెను వినాలని నేను ఆగిపోయాను. ఆమె ఆగలేదు.

నాయనమ్మ కండె చేతిలో పట్టుకుని వింటోంది. సాంచాలు ఆగిన సంగతి మరిచిందో ఏమో, గల్లీ అంతా వినబడేట్టు కేక వేసింది.

"నా మన్మరాలికి పాట రాదన్నది ఎవలు?"

ఎదురింటామె తలుపు తీసి చూసింది. పిల్ల, నేను ఒకరి మొహాలు ఒకరం చూసుకుని నవ్వాం.

వేములవాడ మీదుగా వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె మళ్లీ మొదలుపెట్టింది. చిత్రంగా ఈసారి డో వేరుగా ఉంది. బస్సు ఇంజను ఏ మోతలో ఉంటే ఆమె డో అందులో ఉంది. డ్రైవరు గేరు మారిస్తే ఆమె కూడా మార్చుకుని పాడుతోంది. ఆ చెవి ఎంత మంచిదో నాకప్పుడు పూర్తిగా తెలిసింది. డో ఫలానా మెట్టు మీదే ఉండాలని లేదని, పాడేవాళ్ల గొంతు ఎక్కడ నిలిస్తే అక్కడే డో అని అమ్మ గచ్చు మీద చెప్పిన పాఠమే ఇది. కీబోర్డు వచ్చాక డో అంటే ఆ తెల్లమెట్టే అన్నట్టు నా చెయ్యి అలవాటు పడింది.

ఇల్లు చేరి వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ పక్కన నిలబడి విన్నాను. సన్నగా, ఆగకుండా, అదే స్వరం. సాంచాల మోటార్లనూ మా ఫ్రిజ్‌నూ హోరెత్తించేది ఒకే కరెంటు కదా. పిల్లవాడు ఎగతాళికి అన్న మాట అక్షరాలా నిజం. ముందు గదిలో అందరూ నన్ను వింటుంటే, ఆమె ఒక్కతే మా వంటింటిని కూడా విన్నది.

సెలవుల తర్వాత తల్లి పంపనన్నది. ఒక్కరోజు పిల్లతో పాటు క్లాసుకు వచ్చి కూర్చోమని బతిమాలాను. వచ్చింది, కుట్టాల్సిన జాకెట్టు చేతిలోనే ఉంది. కీబోర్డు స్వరాలన్నిటినీ కొంచెం కిందికీ పైకీ జరిపే బొత్తాం ఒకటి ఉంటుంది, దాన్ని నేనెప్పుడూ వాడలేదు. వంటింటి మోతకు సరిపోయేదాకా జరిపి, మళ్లీ గుడ్డ కప్పాను. తల్లి ఫోన్‌లో తండ్రికి వీడియో కలిపింది. ఆయన గదిలో ఇంకెవరో మాట్లాడుతుంటే వాళ్లను ఊరుకోమన్నాడు.

పిల్ల ఊపిరి పీల్చి డో పాడింది. నేను గుడ్డ అంచు ఒక్క మెట్టు మేర మడిచాను. ఆమె ఆ మెట్టును తాకి కళ్లకద్దుకుని, నొక్కింది. మెట్టూ గొంతూ ఒకటిగా పలికాయి. అప్పుడు ఫ్రిజ్ అని ఎగతాళి చేసిన పిల్లవాడు నోరు తెరిచి చూస్తున్నాడు.

ఆయన ఫోను చెవికి ఆనించుకున్నాడేమో, ఇక్కడ తెర నల్లబడింది. తల్లి ఫోను కట్ అయిందేమోనని అటూ ఇటూ తిప్పి చూసింది. అప్పుడు ఆయన మెల్లగా అన్నాడు.

"కరెంటొచ్చినట్టున్నది బిడ్డా. మనింట్ల సాంచాలు షురువైనట్టే."

తల్లి జాకెట్టు ఒళ్లో పెట్టుకుని, ఇక సాయంత్రం ఎన్ని గంటలకు పంపాలక్కా అని నన్ను అడిగింది. రోజూ వచ్చే వేళకే అన్నాను. మనసులో ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాను, అమ్మకూ, సిరిసిల్ల సాంచాలకూ, మా పాత ఫ్రిజ్‌కూ కలిపి.

కళ్లు తెరిచేసరికి పిల్ల గుడ్డ అంచు పట్టుకుని నాకోసం చూస్తోంది.

"టీచర్, ఇగ రే పాడుత. తియ్యుండ్రి."