బాయిలర్ గది బక్కోడు

సైన్యంలో చేరదామని వెళ్లినవాడు నౌకాదళంలో ఎలా తేలాడని ఎవరైనా అడిగితే అతను ఉన్నదున్నట్టు చెప్పేవాడు. ఆ రోజు సైన్యం వాళ్ల బల్ల ముందు వరస వీధి మలుపు దాకా ఉంది. నౌకాదళం బల్ల ముందు నలుగురే ఉన్నారు. పందొమ్మిదేళ్లవాడికి ఎండలో నిలబడే ఓపిక లేకపోయింది. సైకిళ్లు బాగుచేసే నాన్న ఆ కబురు విని చేతిలోని పానా పక్కన పడేశాడు. "వానలో తడిస్తేనే మంచం ఎక్కేవాడివి, సముద్రంలో ఏం వెలగబెడతావురా?" అన్నాడు.

తీరా చేరాక సముద్రం కనబడింది తక్కువే. అతన్ని ఓడ అడుగున బాయిలర్ గదిలో వేశారు. ఇనుప నిచ్చెన దిగుతుంటేనే సెగ ముఖాన కొట్టేది. అక్కడ పెత్తనమంతా ఒక పెద్దాయనది. అందరూ మేస్త్రి అనేవారు. నోరు తెరిస్తే తిట్లే. ఇతన్ని ఎగాదిగా చూసి, "మనిషిని పంపమంటే చీపురుపుల్లని పంపారేంటి?" అన్నాడు. ఆ పూటతో సొంతపేరు పోయి బక్కోడు మిగిలాడు.

ఆరేళ్లు శాంతిగానే గడిచాయి. తుప్పు గీకడం, రంగు వేయడం, మళ్లీ తుప్పు గీకడం. సెలవుల్లో ఇంటికొస్తే అక్క ఆటపట్టించేది.

"ఎంతమంది శత్రువుల్ని చంపావురా?"

"తుప్పు ఒక్కటేనే అక్కా. అదీ చావట్లేదు."

మేస్త్రి మాత్రం బాయిలర్లు చల్లారినప్పుడల్లా అతని కళ్లకు గుడ్డ కట్టి, ఏ గొట్టం ఎక్కడికి పోతుందో తడిమి చెప్పమనేవాడు. తప్పితే మళ్లీ మొదటినుంచీ. "ఆవిరి కమ్మితే నీ కళ్లు దేనికీ పనికిరావు. చేతులకి తెలియాలి" అనేవాడు.

యుద్ధం మొదలైన పదకొండో రోజు మధ్యాహ్నం, ఓడ పక్కనే నీళ్లలో మందుపాతర పేలింది. దీపాలు ఆరిపోయాయి. పెద్ద ఆవిరి గొట్టం పగిలి గదంతా తెల్లగా కమ్మేసింది. అవతలి కొసనుంచి మేస్త్రి అరుపు వినబడింది. "కుడిపక్క వాల్వురా వెధవా, ఎడమది కాదు!"

బక్కోడు చేతులకు గోనెపట్టా చుట్టుకుని నేలబారున పాకాడు. గొట్టాలు తడుముకుంటూ వెళ్లి కుడిపక్క వాల్వు చక్రం పట్టుకున్నాడు. గోనె తడిసి చేతులకు అంటుకుపోయినా చివరి చుట్టు దాకా తిప్పాడు. ఆవిరి తగ్గి చూసేసరికి మేస్త్రి, ఇంకో ఇద్దరు పడి ఉన్నారు. ముగ్గురిలోనూ ప్రాణం లేదు. రెండో బాయిలర్ మీద ఓడ కుంటుకుంటూ రేవు చేరింది. అందులోంచి రెండువందల మంది క్షేమంగా దిగారు.

మూడు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. బయటికి రాగానే మేస్త్రి ఇంటికి వెళ్లాడు. మెట్లెక్కుతూ మంచి మాటలు నాలుగు పేర్చుకున్నాడు. తలుపు తీసింది మేస్త్రి భార్యే. వెనకాల కుట్టుమిషన్ మీద సగం కుట్టిన చొక్కా ఉంది.

"నువ్వేనా బక్కోడివి? ఉత్తరాల నిండా నిన్ను తిట్టడమే" అంటూ కుర్చీ వేసింది. తనూ మిషన్ ముందు కూర్చుని అడిగింది. "చివరికి ఏమన్నారు?"

పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. "నన్ను తిట్టారు వదినా. కుడిపక్క వాల్వురా వెధవా, ఎడమది కాదు అన్నారు."

ఆమె తల దించుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాడు. తల ఎత్తేసరికి ఏడుపూ నవ్వూ కలిసే ఉన్నాయి.

"అదీ ఆయన మాట. వచ్చినవాళ్లంతా, ఆయన నా పేరు తలుచుకుంటూ పోయారని చెప్పారు. ఒక్కరి మాటా నమ్మబుద్ధి కాలేదు."

వేళ్లు సరిగ్గా ముడుచుకోకపోవడంతో అతన్ని మళ్లీ ఓడ ఎక్కించలేదు. రేవులోని శిక్షణ బడిలో కొత్తవాళ్లకు పాఠాలు చెప్పమన్నారు. సెలవు దొరికితే వదిన ఇంటికి వెళ్లేవాడు. వంటింట్లో కొళాయి కారుతుంటే ఆమె స్పానర్ పట్టుకునేది, అతను పక్కన కూర్చుని ఎలా బిగించాలో చెప్పేవాడు. పని తెమిలేసరికి ఇద్దరూ నిలువునా తడిసేవారు.