గ్లాసు పట్టుకుని ఆగిన మేడం

మా పాపకు మాట నేర్పిన థెరపీ మేడం పోయారని, ఆమె దగ్గరికే తన బిడ్డను తెచ్చే నవీపేట్ తల్లి ఒకామె ఫోన్ చేసి చెప్పింది. గుండెపోటట. నేను బీడీలు చుట్టే చాట పక్కకు పెట్టి ఏడ్చాను.

ఏడాది నిండకముందే మా పాపకు ఫిట్స్ వచ్చాయి. మందులతో తగ్గాయి గానీ, మూడేళ్లు దగ్గరపడుతున్నా ఒక్క మాట రాలేదు. డాక్టరు గారు మేడం దగ్గరికి పంపారు. బోధన్ నుంచి నిజామాబాద్‌కు వారం వారం బస్సులో వెళ్లేవాళ్లం. మేడం మా వైపు బెల్లం తెమ్మని, నాలుక బాగా తిరగాలని పాప పై పెదవికి కాస్త రాసి నాలుకతో అందుకోమనేవారు. మిగిలిన ముక్క తనే నోట్లో వేసుకునేవారు.

ఒకరోజు మా ఇంటికే వచ్చారు. పాప బిందె వైపు చూసిందో లేదో, అత్తమ్మ నీళ్లగ్లాసుతో పరుగెత్తింది. ఏడిస్తే మళ్లీ ఫిట్స్ వస్తాయేమోనని ఇంటిల్లిపాదిమీ అట్లాగే ఉండేవాళ్లం. మేడం గ్లాసు అందుకుని పాప ముందు కూర్చుని, "నీళ్లు" అని ఊరికే ఆగారు. పాప ఏడుపు అందుకుంది. నాకు ఒళ్లు మండింది. నీళ్లకు కూడా ఏడిపిస్తారా అని అడిగేశాను.

"ఫిట్స్ సంగతి మందు చూస్కుంటదమ్మా, పూట తప్పకుండ వెయ్యి. మాట సంగతి మనం చూస్కోవాలె. అడగకముందే ఇస్తే అడుగుడు ఎప్పుడు నేర్చుకుంటది?"

పాప మాట్లాడలేదు గానీ గ్లాసుకేసి చెయ్యి చాపింది. ఈ రోజుకు అది చాలంటూ మేడం వెంటనే తాగించారు.

కొన్ని నెలలకు పాప బిందె చూపిస్తూ "నీ... నీ..." అంది. అదీ నాతో కాదు, ఇవన్నీ దండగ పనులని సణిగే అత్తమ్మతో! అత్తమ్మ తనే నేర్పినట్టు వాడకట్టంతా చెప్పుకుంది. మేడం పడిపడి నవ్వి, "అవ్వనే నేర్పింది, ఆమెకే దండెయ్యండ్రి" అన్నారు.

ఇప్పుడు పాప బడికి పోనని రోజూ నాతో వాదిస్తుంది. నా బిడ్డతో కొట్లాడుకునే భాగ్యం ఆమె పెట్టిందే.

చివరిచూపుకు పాపను తీసుకెళ్లాను. ఏడిస్తే మళ్లీ ఏమన్నా అవుతుందని, పిల్లను బయటికి తీసుకుపొమ్మని మా సంగతి తెలిసినవాళ్లెవరో అన్నారు. నేను కదల్లేదు. పాప మేడం పక్కన కూర్చుని పిలిచింది. ఇంకోసారి పిలిచింది. తర్వాత నా వైపు తిరిగింది.

"అమ్మా, మేడం మాట్లాడ్తలేదు."

అవును బిడ్డా అన్నాను. పాప మళ్లీ అటు తిరిగి, మేడం పెదవుల వైపే చూస్తూ కూర్చుంది.