రెండువందల నంబరు జల్లెడ

ఆ మిల్లులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఫోర్‌మన్ మొదలుకుని గేటు కాపలావాడి దాకా అందరికీ ఆమె జల్లెడక్క.

గనిలోంచి వచ్చిన రాయి ముందు క్రషర్ దవడల్లో పడి గుప్పెడంత ముక్కలవుతుంది. ఆ ముక్కలు బెల్టు మీద సాగి బాల్ మిల్లులోకి వెళతాయి. బాల్ మిల్లంటే అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద ఇనుప పీపా. లోపల ఉక్కు గుండ్లు, నీళ్ళు, రాయి. అది ఆగకుండా దొర్లుతుంటే గుండ్లు రాయిని నలిపి నలిపి బురద చేసి బయటికి వదులుతాయి. ఆ బురద ఎంత మెత్తగా వచ్చిందో చెప్పడం జల్లెడక్క పని. గంటకోసారి చెంబుతో పట్టుకొచ్చి, అంగుళానికి రెండువందల కన్నాలుండే రెండువందల నంబరు జల్లెడ మీద కడిగి, పైన మిగిలిన బరకను పెనం మీద ఆరబెట్టి, తూచి, గోడ మీది పలకపై అంకె వెయ్యాలి. వందపాళ్ళలో బరక ఇరవై దాటితే మిల్లుకి రాయి తగ్గిస్తారు. బాగా తక్కువొస్తే పెంచుతారు.

ఈ పని ఎవరైనా నేర్చుకోవచ్చు. జల్లెడక్క గొప్పంతా తూచకముందే చెప్పడంలో ఉంది. చిటికెడు బురద బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, కళ్ళు మూసుకుని, "పంతొమ్మిది" అనేది. తూస్తే పంతొమ్మిదే. కొత్తగా వచ్చిన ఇంజనీరు నమ్మకపోతే ఫోర్‌మన్ అతన్ని జల్లెడ గదికి తీసుకొచ్చి మరీ చూపించేవాడు. అప్పుడు ఆమె మొహంలో ఏ భావమూ కనపడనిచ్చేది కాదు. సాయంత్రం ఇంటికొచ్చాక మాత్రం అత్తగారికి ఆ ముచ్చట రెండుసార్లు చెప్పేది. ఇలా పద్దెనిమిదేళ్ళు.

ఆమె భర్త క్రషర్ దగ్గర లోడర్ నడుపుతాడు. మరిది అదే మిల్లులో తేటతొట్టి దగ్గర. మిల్లు వదిలిన బురద ఆ గుండ్రటి పెద్ద తొట్టిలోకి వెళ్ళి అడుక్కి దిగుతుంది. ఒక ఇనుప చెయ్యి గడియారం ముల్లులా నెమ్మదిగా తిరుగుతూ దిగినదాన్ని మధ్యలోకి లాగుతుంటుంది. అన్నదమ్ములిద్దరూ, అత్తగారూ, అందరికీ ఒకే ఇల్లు, ఒకే వంటగది. మరిదికి ఆలస్యంగా పెళ్ళయింది. వచ్చిన తోడికోడలు సన్నగా, చలాకీగా, ఏ పని చెప్పినా "సరే అక్కా" అంటూ ఉండేది. అక్కడున్న రెండు బాల్ మిల్లుల్లో జల్లెడక్కది మొదటిది; రెండోదాని జల్లెడ చూసే మనిషి పని మానేసినప్పుడు, ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళి, "మా చిన్నకోడల్ని పెట్టుకోండి సార్, నేను నేర్పుకుంటాను" అని చెప్పింది జల్లెడక్కే. ఎవరూ అడగలేదు. తానే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

మొదటి నెల బాగానే గడిచింది. చెంబు ఎలా పట్టాలి, నీళ్ళు ఎంత ధారగా పొయ్యాలి, బరకను పెనం మీద మాడనివ్వకుండా ఎలా ఆరబెట్టాలి, అన్నీ నేర్పింది. ఒక్కటి మిగిలిపోయింది. పొద్దున్నే పని మొదలెట్టేముందు జల్లెడను కిటికీ వెలుగుకి ఎత్తిపట్టి, ఎక్కడైనా తీగ తెగిందేమో చూడాలి. అది చెప్పడం మర్చిపోయింది. మొదట్లో నిజంగానే మర్చిపోయింది.

రెండో నెలలో ఒకరోజు ఫోర్‌మన్ మొదటి మిల్లు మూతి దగ్గర నిలబడి, సరదాకి ఇద్దర్నీ పిలిచాడు.

"చెప్పండమ్మా ఇద్దరూ. ఎంతుంది?"

జల్లెడక్క వేళ్ళు నలిపి, "పద్దెనిమిది" అంది.

చిన్నకోడలు అక్క వంక చూసింది. చెప్పాలా వద్దా అని తటపటాయించింది. "నాకు ఇరవై రెండు అనిపిస్తోంది సార్. తెలీదు, ఊరికే..."

తూశారు. ఇరవై రెండు.

"జల్లెడక్కా, ఇంట్లోనే పోటీ పెంచుకుంటున్నావే!" అని ఫోర్‌మన్ నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కానీ ఆ నవ్వు పంటి కింద రాయిలా ఇంటిదాకా వచ్చింది.

అత్తగారు ఆ కబురు కొడుకుల నోట విని మురిసిపోయింది. "చూశావా, వచ్చి రెండు నెలలు కాలేదు, నీ అంతదాన్నే మించిపోయింది" అంది పెద్దకోడలితో, అదేదో ఆమెకీ సంతోషమే అన్నట్టు. జల్లెడక్క కంచాలు కడుగుతోంది. కడిగిన కంచమే మళ్ళీ కడిగింది.

ఆ రోజు నుంచి ఆమె తన వేళ్ళను పరీక్షించుకోవడం మొదలెట్టింది. ఎవరూ లేనప్పుడు బురద నలిపి, మనసులో ఒక అంకె అనుకుని, తూచి చూసుకునేది. ఒకటి రెండు తేడా. ఒక్కోసారి నాలుగు. పద్దెనిమిదేళ్ళు రాతిపొడి రాసుకుని రాసుకుని వేళ్ళ కొసలు నున్నగా, గాజుముక్కల్లా అయిపోయాయి. సూదిలో దారం ఎక్కిస్తుంటే సూది పట్టుకున్నట్టే తెలియడం లేదు. ఈ సంగతి భర్తకి కూడా చెప్పలేదు. ఫోర్‌మన్ ఏదైనా అడిగితే, "ఉండండి, తూచి చెప్తాను" అనేది. అతను వింతగా చూసి, పక్కనున్న చిన్నకోడలి వైపు తిరిగేవాడు. ఆ తిరగడం చూస్తే ఆమె ఒళ్ళు మండిపోయేది.

తప్పు చిన్నకోడలిది కాదని ఆమెకి తెలియక కాదు. తెలిసే కొద్దీ కడుపుమంట ఎక్కువైంది. ఆ పిల్ల కొంచెం పొగరుగా ఉన్నా, ఒక్క మాట తూలినా బాగుండేది. పట్టుకోవడానికి ఏదైనా దొరికేది. ఆ పిల్లేమో, "అంతా అక్క నేర్పిందే" అని అందరితో చెబుతోంది. ఆ మాట వింటే జల్లెడక్కకి ఎవరో తనకి వయసైపోయిందని జాలిపడి గౌరవం ఇస్తున్నట్టుండేది. జల్లెడ వెలుగుకి పట్టి చూడాలన్న సంగతి నాలుకదాకా చాలాసార్లు వచ్చింది. మింగేసింది. అది మరుపు కాదని ఈసారి ఆమెకి స్పష్టంగా తెలుసు.

ఆరో నెల దాటాక ఒక పొద్దున ఆమె గదికి ముందుగా వచ్చింది. తన జల్లెడ తీసి కిటికీకి పట్టింది. అంచు దగ్గర, బియ్యపుగింజంత మేర, తీగలు తెగి ఉన్నాయి. అలాంటిది వెంటనే స్టోర్‌లో ఇచ్చి కొత్తది తెచ్చుకోవాలి. ఎన్నోసార్లు తెచ్చుకుంది. ఆ పొద్దున తన మేకుకి తగిలించబోయిన చెయ్యి పక్క మేకు మీదికి వెళ్ళింది. అక్కడున్న తోడికోడలి జల్లెడను తీసుకుని, తెగినదాన్ని అక్కడ తగిలించింది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కళ్ళు మూసి తెరిచేంతలో అయిపోయింది.

తెగిన చోటునుంచి బరక కూడా జారిపోతుంది. పైన తక్కువ మిగులుతుంది. రెండో మిల్లు అంకె పదిహేను వచ్చింది. "భేష్, మెత్తగా ఆడుతోంది" అని రాయి పెంచారు. మళ్ళీ పద్నాలుగు. మళ్ళీ పెంచారు.

మధ్యాహ్నం చిన్నకోడలు చెంబు పట్టుకుని ఆమె దగ్గరికొచ్చింది.

"అక్కా, వేళ్ళకి బరకబరకగా తగులుతోంది. తూస్తే పద్నాలుగే వస్తోంది. నాకేం అర్థం కావట్లేదు. నువ్వొకసారి చూడవా?"

జల్లెడక్క వేళ్ళు ముంచింది. నలిపింది. బరకో మెత్తనో ఆ వేళ్ళకి ఏమీ తెలియలేదు. తెలిసిందల్లా ఆ పిల్ల కళ్ళల్లోని నమ్మకం.

"మెత్తగానే ఉంది. వేళ్ళదేముంది, తూకాన్ని నమ్ము" అంది.

"సరే అక్కా."

జల్లెడ పరీక్ష పగటి షిఫ్టుకే. సాయంత్రం చివర పలక మీద పడ్డ అంకెను బట్టే మర్నాటి దాకా మిల్లు నడుస్తుంది. పొద్దున షిఫ్టు మొదలయ్యేసరికి తేటతొట్టిలో ఇనుప చెయ్యి ఆగిపోయింది. బురద దిగాల్సిన చోట ఇసుక దిగి గట్టిపడింది. తొట్టి ఖాళీ చేసి, మనుషులు దిగి పారలతో తోడాల్సి వచ్చింది. మరిది, అతనితో మరో నలుగురు, నడుం లోతు ఇసుకలో రెండు రోజులు తోడారు. లోడర్ ఆపేసి ఆమె భర్త కూడా దిగాడు.

ఫోర్‌మన్ జల్లెడ గదికి వచ్చి, రెండో మేకు మీది జల్లెడ తీసి వెలుగుకి పట్టాడు. తెగిన చోటునుంచి ఎండ చుక్కలా అతని చొక్కా మీద పడింది.

"రోజూ చూసుకోవాలని తెలీదా అమ్మా నీకు?"

తెలీదని అంటే అక్కని అన్నట్టవుతుందని చిన్నకోడలికి అనిపించింది. ఊరుకుంది. ఆమెను క్రషర్ బెల్టు దగ్గరికి మార్చారు. రాళ్ళతో పాటు వచ్చే కట్టెముక్కలూ ఇనుప తుక్కూ ఏరి పారెయ్యడం అక్కడ పని.

ఆ సాయంత్రం మరిది బొబ్బలెక్కిన అరచేతులు చూపించి, అందరి ముందూ, "నీ లెక్కల చలవే ఇదంతా" అన్నాడు పెళ్ళాంతో. అత్తగారు, "చేతకాని పనికి ఒప్పుకోవడం ఎందుకు? పెద్దదాన్ని చూసైనా నేర్చుకోలేకపోయావా" అంది. నిన్నటిదాకా దీనికోసమే కదా జల్లెడక్క అర్రులు చాచింది. ఇప్పుడా పొగడ్త చెవిలో పడుతుంటే తల ఎత్తలేకపోయింది.

జల్లెడ గది మళ్ళీ ఆమె ఒక్కదానిదే అయింది. రెండు మిల్లుల అంకెలూ ఆమే వేసింది. ఎవరూ పోటీ లేరు, ఎవరూ నవ్వడం లేదు. వారం రోజులు ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంది. ఎనిమిదో రోజు ఫోర్‌మన్ రెండో మిల్లు మూతి దగ్గర, "ఇదిగో, తూకం తర్వాత. వేళ్ళతో చెప్పు, పాతరోజుల్లోలాగా" అన్నాడు.

ఆమె చెయ్యి ముంచలేదు.

"నా వేళ్ళు పోయాయి సార్. ఐదారు నెలలయింది. ఆ జల్లెడ నాది. తెగిందని చూసే, తీసి మా చిన్నదాని మేకుకి తగిలించాను."

ఫోర్‌మన్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె వైపు తిరిగాడు.

"ఎందుకమ్మా?"

"కడుపుమంట సార్. ఇంకేం లేదు."

అతను కేకలెయ్యలేదు. వేసుంటే తేలికగా ఉండేది. మర్నాటినుంచి చిన్నకోడల్ని గదిలోకీ ఆమెను బెల్టు మీదికీ మార్చాడు. అంతకంటే ముందు, ఆ సాయంత్రమే, ఇంటికి నడిచి వెళ్ళే దారిలో ఆమె తోడికోడలికి అంతా చెప్పింది. తల వంచుకునే చెప్పింది. చిన్నకోడలు అడుగు ఆపకుండా విన్నది. వీధి మలుపు దగ్గర ఆగింది.

"వెలుగుకి పట్టి చూడాలని నాకెందుకు చెప్పలేదు?"

"మర్చిపోయాను. తర్వాత... చెప్పబుద్ధి కాలేదు."

"జల్లెడ మార్చడం ఒక్క పొద్దున పని. దాన్ని ఏ కోపంలో చేశావో అనుకుంటాను. చెప్పకపోవడం ఆర్నెల్ల పని. రోజూ నా పక్కన కూర్చుని, నా కంచంలోంచి తీసుకుని తింటూ చెప్పలేదు."

ఇంటికెళ్ళాక జల్లెడక్క తను చేసిందంతా అందరి ముందూ మళ్ళీ చెప్పింది. భర్త లేచి బయటికెళ్ళిపోయాడు. అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నెల తిరక్కుండా ఆ ఇంట్లో రెండు పొయ్యిలయ్యాయి. మధ్యలో గోడ కట్టలేదు గానీ, కట్టినంత పనయింది. ఏడాది పాటు చిన్నకోడలు ఆమెను ఏ వరసతోనూ పిలవలేదు. "ఇదిగో", "వినపడుతోందా" అంటూ సరిపెట్టింది.

బెల్టు మీద జల్లెడక్క ఏడేళ్ళు పనిచేసింది. వేళ్ళు పోయినా కళ్ళు బాగానే ఉన్నాయి. రాళ్ళ మధ్య నల్లగా దాక్కున్న ఇనుప మేకును కూడా పట్టేసేది. ఈలోపు తోడికోడలు జల్లెడ గది నుంచి రెండు మిల్లుల షిఫ్టు ఇన్‌ఛార్జి దాకా ఎదిగింది. ఆ కబురు తెలిసిన రోజు జల్లెడక్క కడుపులో మళ్ళీ అదే చురుకు పుట్టింది. సిగ్గేసింది. అయినా పోలేదు. ఆమె చేసిందల్లా ఆ రోజు ఎవరితోనూ మాట్లాడకుండా తన పని తాను చూసుకోవడం. మర్నాడు వెళ్ళి, "విన్నాను. మంచిదైంది" అంది. మనసులో సగమే అన్నా, నోటితో పూర్తిగా అంది. తోడికోడలు "ఊఁ" అంది.

ఆమె పని మానే నెలలో మొదటి మిల్లు ఆపారు. పీపా లోపలి ఉక్కు పలకలు అరిగిపోతే కొత్తవి బిగిస్తున్నారు. మధ్యాహ్నం ఫిట్టర్ వచ్చి, "లోపలికొచ్చి చూస్తారా మేడం?" అని ఇన్‌ఛార్జిని పిలిచాడు. బెల్టు దగ్గర కూర్చున్న జల్లెడక్కకి ఆ "మేడం" గుచ్చుకుంది. ఇరవై ఐదేళ్ళలో తననెవరూ అలా పిలవలేదు. లోపలికి రమ్మనీ ఎవరూ అడగలేదు. మొహం తిప్పుకుంది.

"నువ్వూ రా" అంది తోడికోడలు, దగ్గరికొచ్చి. "ఎప్పుడైనా చూశావా?"

"లేదు."

పీపా పక్కనున్న చిన్న తలుపులోంచి తోడికోడలు ముందు దూరింది. తర్వాత ఈమె, మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ దూరింది. లోపల చల్లగా, తడిగా ఉంది. ఫిట్టర్ వేలాడదీసిన బల్బు వెలుగులో గుండ్లు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి. పిడికిలంత ఉన్నవి కొత్తవి. పాతవి అరిగి గోలీకాయలంత అయ్యాయి. ఇన్నేళ్ళు బయట నిలబడి బురద పట్టుకుందే గానీ, అది ఎక్కడినుంచి వస్తుందో చూడలేదు. జల్లెడక్క వంగి ఒక చిన్న గుండు తీసుకుంది. అరచేతిలో దొర్లించింది.

"వీటిని మళ్ళీ వేస్తారా?"

"మరీ చిన్నవి ఏరేస్తాం. తక్కినవి కొత్తవాటితో కలిపి వేస్తాం."

"ఏరడం నాకు చేతనవును. ఈ వారం ఇక్కడ కూర్చోనా?"

తోడికోడలు ఫిట్టర్ వైపు చూసింది, ఆమె వైపు చూసింది.

"నడుం పట్టేస్తుంది నీకు" అంది. "పీట ఒకటి తెప్పిస్తాను."