అవ్వ లైటు వైరు ఎవరు కోశారు

సర్వశక్తిగల తండ్రికి స్తోత్రం. మన మనసులోని వంకరను మనకంటే ముందే చూసి, కోపంతో కాక ఓపికతో దిద్దే దేవునికి మహిమ. ఆయన దిద్దకపోతే ఒక ఇల్లు నా నోటివల్ల రెండుగా చీలేది.

అది రెండువేల పన్నెండు ఎండాకాలం. ఎల్లారెడ్డిలో మా సంఘానికి చెందిన ఒక అవ్వ బీడీలు చుట్టి బతికేది. కొడుకు మస్కట్‌లో పనికి పోయాడు. ఇంట్లో అవ్వా, కోడలే. అవ్వకు చూపు మందగించింది. పెద్దక్షరాల బైబిలు చదువుకోవడానికి కామారెడ్డి నుంచి నేనే ఇనుప మెడ ఉన్న టేబుల్ లైటు తెచ్చిచ్చాను. కోడలు మందిరానికి వచ్చేది కాదు. అవ్వ చదువుతూ కూర్చుంటే, "ఆకు ఎప్పుడు కత్తిరిస్తవు అత్తమ్మా?" అని అడిగేది. ఆ మాట నాకు గుచ్చుకుంది.

ప్రతి శుక్రవారం కామారెడ్డి నుంచి వెళ్ళి ఆ ఇంట్లో ప్రార్థన నడిపేదాన్ని. ఒక వారం వెళ్తే లైటు మంచం కింద పడి ఉంది. వైరు తెగింది. ఎలుక కొరికితే రబ్బరు గీరుకుపోతుంది, రాగి పోగులు చెదురుతాయి. ఇది ఒక్క వేటుకు, నున్నగా తెగింది.

"ఎలుకలు కొరికినయేమో అక్కా," అంది కోడలు చాటలో ఆకులు సర్దుతూ.

"మీ ఇంట్ల ఎలుకలకు కత్తెర ఎవరిచ్చిండ్రు?" అన్నాను.

ఆమె నావైపు చూసి, మళ్ళీ ఆకుల మీదికి వంగింది. అవ్వ తల దించుకుంది. దాన్ని నేను కోడలంటే భయం అనుకున్నాను. ప్రార్థనలో, "వాక్యానికి అడ్డుపడే చేతులను మార్చు ప్రభువా," అని గొంతు పెంచి మరీ అడిగాను. ఆమేన్ అన్నాక కోడలు అంది: "కండ్లు మూస్కోని గూడ నన్నే చూస్తున్నవు గదక్కా."

కామారెడ్డిలో సంఘ పెద్దలకు చెప్పాను. "మందిరం వెనక గది ఖాళీగానే ఉంది. అవ్వ అక్కడ నలుగుతుంటే తెచ్చుకుందాం. వచ్చే శుక్రవారం చూసి నువ్వే చెప్పు," అన్నారు. అంటే అవ్వ ఆ ఇంట్లో ఉండటం, వెళ్ళిపోవడం నా మాట మీద పడింది.

ఆ శుక్రవారం కొత్త వైరు, ప్లగ్గు, టెస్టరు తీసుకుని బస్సెక్కాను. మా నాన్న లైన్‌మన్. ఈ పనులు చిన్నప్పుడే నేర్పాడు. కానీ నిజం చెప్పాలంటే, లైటు బాగుచేయడానికి కాదు, కోడలే కోసిందన్న రుజువు కోసమే వెళ్ళాను.

రెండు గంటలకు కరెంటు వచ్చింది. తెగిన చోట తాత్కాలికంగా అతికి, టేపు చుట్టి, ప్లగ్గు పెట్టి, నాన్న నేర్పిన అలవాటుగా ఇనుప మెడకు టెస్టరు ఆనించాను. వెలగలేదు. వదులుగా ఉందని ప్లగ్గు తీసి మళ్ళీ పెట్టాను. ఈసారి టెస్టరు వెలిగింది! మళ్ళీ తీసి పెడితే ఆరింది. అది రెండు పుల్లల ప్లగ్గు. ఎటు తిప్పినా బోర్డులో పడుతుంది. పీకేసి మెడ విప్పాను. వంపు దగ్గర ఒక తీగకు రబ్బరు అరిగి, రాగి ఇనుముకు తగులుతోంది. ఆ తీగలోకి న్యూట్రల్, అంటే షాకు కొట్టని వైపు, వచ్చిన రోజు ఏమీ కాదు. ప్లగ్గు తిరగబడి ఫేజు, అంటే కొట్టే వైపు, వచ్చిన రోజు లైటంతా కరెంటే. పక్కన అవ్వ, బీడీలకు నానబెట్టిన తునికాకు తడి చేతులతో. 

"అవ్వా, ఇది నిన్నెప్పుడన్న కొట్టిందా?"

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కొట్టింది బిడ్డా. తంబాకు చేతులతోని దేవుని పుస్తకం ముడుతున్ననని దేవుడే కొడ్తుండనుకున్న. పొగాకు పాపమని నువ్వే చెప్తివి గదా. ఒక్కోనాడు కొట్టకపోతే మాఫ్ చేసిండనుకుంటి. మల్ల కొట్టె. ప్లగ్గు పీకి నేనే కోసిన, ఆకు కత్తెరతోని. నీకు చెప్ప సిగ్గాయె."

నేను కోడలి వైపు తిరిగాను. "నీకు తెలుసా?"

"కోస్తుంటె చూసిన. ఎందుకని అడిగితె ఏడ్సింది, ఎవ్వలకు చెప్పకు బిడ్డా అన్నది. చెప్పలే."

అంటే వారమంతా నా నింద ఆమె మోసింది, అత్త సిగ్గు బయటపడకుండా.  చేతులకు పని ఉండటం మేలైంది. పాత వైరు మొత్తం తీసేసి మూడు తీగల వైరు వేశాను: ఎర్రది స్విచ్చుకు, నల్లది రెండో వైపుకు, పచ్చది, షాకును నేలలోకి పంపే ఎర్త్ తీగ, ఇనుప మెడకు బిగించాను. బోర్డులో ఫేజుకూ ఎర్త్ రంధ్రానికీ మధ్య బల్బు పెట్టి చూశాను. వెలిగింది, ఎర్త్ ఉంది. ఇక తిరగబడడానికి వీల్లేని మూడు పుల్లల ప్లగ్గు పెట్టాను. టెస్టరు ఎక్కడా వెలగలేదు. అయినా అవ్వ దగ్గరికి రాలేదు.

"నేను పట్టుకుంటున్న, చూడు అత్తమ్మా," అని కోడలు లైటు మెడ మీద చెయ్యి వేసింది. "ఏంగాలే. నువ్వు సదువు. ఆకు నేను కత్తిరిస్త."

ఆ సాయంత్రం పెద్దలకు రెండు మాటలు చెప్పాను. అవ్వ తన ఇంట్లోనే ఉంటుంది. తప్పు నాది. పొగాకు గురించి నేను చేసిన బోధ సంగతి మాత్రం వాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు. అది ఇంకా నా మీద ఉంది.

చదివే ప్రియులారా, నాతో కలిసి ఒక్కసారి ప్రార్థించండి. తండ్రీ, తంబాకు వాసన పట్టిన చేతులు నీ దగ్గరికి రావడానికి భయపడకుండా చేయి. ప్రార్థన చాటున నేను నిందించిన ఆ కోడలిని, ఆమె ఇంటిని దీవించు. ఆమేన్.