మగ్గం గుంతలో ఐదు పిల్లలు

మా పాప పదకొండో పుట్టినరోజుకు కొత్త బట్టలు వద్దనింది, కుక్కపిల్ల కావాలనింది. నేను తిరుత్తణి నుంచి తిరువళ్ళూరుకు రోజూ ట్రైన్లో ఉద్యోగానికి పోతాను. స్టేషన్ నుంచి ఆఫీసుకు పోయే దారిలో చేపల తొట్లు, చిలకలు, కుక్కపిల్లలు అమ్మే అంగడి ఒకటి ఉంది. ఇంక వెతికేదేముంది అనుకొని ఒక శనివారం పాపను అక్కడికి తీసుకుపోయినాను.

కమ్మీల బోనులో తెల్లబొచ్చు పిల్ల ఒకటి మూలకు ఒదిగి పడుకొని ఉండింది. పాప వేలు పెడితే వాసన చూసింది గానీ లేవలేదు.

"దీని అమ్మ యాడుందన్నా?" అని పాప అడిగింది.

అంగడాయన నవ్వినాడు. "అమ్మతో నీకేం పని పాపా? చెన్నైలో యాడో ఉంటాది. కావాలంటే ఇప్పుడే చెప్పండమ్మా, సాయంత్రానికి ఇది ఉండదు."

పాప వేలు వెనక్కి తీసుకునింది. బయటికొచ్చినాక, "ఆయనకే తెలీదమ్మా," అనింది. తిరుగు ట్రైన్లో కిటికీ వైపు మొహం పెట్టుకొని కూర్చునింది. అడగాల్సిన మాట నాకు తట్టలేదే, ఈ పిల్లకు తట్టిందే అని నాకు సిగ్గేసింది.

మా వీధిలో ఆవులకు సూదులు వేసేదానికి పశువుల డాక్టరమ్మ ఒకామె వస్తుంది. ఆమెను అడిగితే నిలబడే చెప్పింది: "తల్లిని చూడకుండా పిల్లను తీసుకోవద్దండి. అది ఉండే చోటు చూడండి, మనుషుల్ని చూసి బెదురుతుందా, దగ్గరికి వస్తుందా చూడండి. రెండు నెలలు నిండకుండా ఇస్తామంటే వద్దనండి. మిమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఇచ్చేవాళ్ళ దగ్గర అసలు తీసుకోవద్దు." పాప అదంతా నోటుబుక్కులో తమిళంలో రాసుకునింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ రాయాలంటే దానికి తమిళమే. పోతా పోతా డాక్టరమ్మే చెప్పింది, అత్తిమంజేరిపేటలో ఒక నేతవాళ్ళ ఇంట్లో నాటు కుక్క ఈనింది, పోయి చూడండి అని.

ఆ ఆదివారం బస్సులో పోయినాము. తలుపు తీసినామె యాభై దాటిన మనిషి, జుట్టుకు నూలు పోగులు అంటుకొని ఉన్నాయి. లోపల రెండు మగ్గాలు. ఒకదాని మీద ఆమె భర్త నేస్తా ఉన్నాడు. రెండోదాని మీద చీర సగంలో నిలిచిపోయి ఉంది. నేసేవాళ్ళు కాళ్ళు దించుకొని కూర్చునే గుంతలో, పాత గోనె మీద ఎర్రమట్టి రంగు కుక్క పడుకొని ఉండింది. దాని కడుపుకు అతుక్కొని ఐదు పిల్లలు.

"ఈ మగ్గం ఆపేసినారా అక్కా?"

"అది పోయి అక్కడ ఈనింది. పిల్లలు గుంత ఎక్కొచ్చే దాకా నేసేదెట్లా?" అని మామూలుగా చెప్పింది.

పిల్లలకు పన్నెండో దినం. ఒకదానికి ఒక కన్ను మాత్రం సన్నగా విచ్చుకొని ఉండింది. ఆ గీతలో నీలంగా తడి మెరిసింది. మేము ఊపిరి బిగబట్టి వంగి చూస్తా ఉంటే, తల్లి తలెత్తి మమ్మల్ని ఒకసారి చూసి తోక నేలకేసి కొట్టింది.

అప్పుడు ఆ అక్క మమ్మల్ని అడగడం మొదలుపెట్టింది. "పగలు ఇంట్లో ఎవరుంటారు?"

"మా అత్త."

"ఆమెకు కుక్క కావాలని ఉందా?"

"ఆమెను అడగనే లేదక్కా," అన్నాను.

"అయితే వచ్చేసారి ఆమెను పిలుచుకొని రండి. మాట ఆమెతోనే," అనింది.

మా అత్తను చిన్నప్పుడు కుక్క కరిచిందంట. వీధిలో కుక్క కనిపిస్తే ఇప్పటికీ ఆ పక్కకు దాటుకొని పోతుంది. "నన్నెందుకు?" అని గొణుక్కుంటానే మరుసటి ఆదివారం బస్సెక్కింది. ఆ ఇంట్లోకి పోయి గడప పక్కన, గుంతకు దూరంగా కూర్చునింది.

మేము కూర్చున్న కొంచేపటికే వాన పట్టుకునింది. మామూలు వాన కాదు, పెంకుల మీద రాళ్ళు పోసినట్టు. చూస్తా ఉండంగానే గుంత గోడలోంచి నీళ్ళు ఊరడం మొదలైంది. గోనె తడిసింది. పాప పిల్లల్ని ఎత్తేదానికి దూకబోయింది.

ఆ అక్క చెయ్యి పట్టి ఆపింది. "ఉండు పాపా. అది చూసుకుంటాది. చేతకాకపోతే మనం దిగుదాం."

తల్లి లేచి నీళ్ళను ఒకసారి వాసన చూసింది. ఒక పిల్లను మెడ దగ్గర నోట కరుచుకొని గుంత ఎక్కింది. నూలు కండెల బుట్ట పక్కన, ఎండుగా ఉండే మూల చూసి పెట్టింది. మళ్ళీ దిగింది. రెండోది. మూడోది. దాని కాళ్ళు జారతా ఉన్నాయి, నోట్లో పిల్ల మాత్రం కదల్లేదు. నాలుగు, ఐదు. అయిపోయిందనుకున్నాము.

అది మళ్ళీ దిగింది. ఉత్త గుంతలోకి, దాని మోకాలి లోతు నీళ్ళలోకి. నాలుగు మూలలా ముక్కు పెట్టి వెతికింది. గోనె అంచు పళ్ళతో లాగి కింద చూసింది. ఏమీ లేదని తెలిసినాక పైకొచ్చి, ఒళ్ళు దులుపుకొని, ఒక్కొక్క పిల్లనూ ముక్కుతో తాకి పడుకునింది.

మగ్గం ఆగింది. నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకొని ఉన్నాయి. గుళ్ళో హారతి అప్పుడు కూడా నాకు ఎప్పుడూ అట్ల కాలేదు.

చూస్తే మా అత్త గడప దగ్గర లేదు. కుక్కకు రెండడుగుల దూరంలో చతికిలబడి కూర్చొని ఉంది. దాన్నే చూస్తా మెల్లిగా, "దీనికి ఎవరు నేర్పించినారు?" అనింది. తర్వాత ఆ అక్క వైపు తిరిగింది. "ఒక పిల్లను నాకియ్యమ్మా. పగలు నేనుంటాను. వాన పడే చోట కట్టెయ్యను."

"కట్టేసేదే వద్దు పెద్దమ్మా," అనింది ఆ అక్క నవ్వి.

రెండు నెలలు నిండే దాకా ఆమె ఇవ్వలేదు. ఆ లోపల డాక్టరమ్మ పిల్లలకు మొదటి సూదులు వేసింది, తల్లికి ఇంక కాన్పు లేకుండా ఆపరేషనుకు ఏర్పాటు చేసింది. చెవి మీద మచ్చ ఉండే గడుసుదాన్ని పాప అడిగింది. ఆ అక్క ఒప్పుకోలేదు. "మీ ఇంట్లో పెద్దామె ఉంది. నెమ్మదైనది కావాలి," అని మట్టిరంగు ఆడపిల్లను మా అత్త ఒళ్ళో పెట్టింది.

తల్లి వచ్చింది. పిల్లను తల నుంచి తోక దాకా వాసన చూసింది. తర్వాత మా అత్త చేతిని, మణికట్టు నుంచి వేళ్ళ చివరల దాకా, తొందర లేకుండా చూసింది. మా అత్త చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చూసుకునేది అయిపోయినాక, ఆ కుక్క మిగిలిన పిల్లల దగ్గరికి పోయి పడుకునింది.

ఇప్పుడు మా కుక్కపిల్లకు ఏడాది. తెల్లారితే మా అత్తా అదీ కొండ దారి పక్కన మెల్లిగా నడుస్తా పోతారు. ఎదురుగా వీధికుక్కలు వస్తే మా అత్త ఆ పక్కకు దాటదు. చీర కుచ్చెళ్ళు కొంచెం ఎత్తి పట్టుకొని, అవి పోయే దాకా దాని పక్కనే నిలబడుతుంది.