పెన్సిల్‌తో వేసిన రెండు

కొన్నేళ్ళుగా ఒక అంకెను మోస్తున్నాను. రెండు. అంతే. పసిపిల్లలు కూడా భయపడని అంకె. నేను మాత్రం దాన్ని లిఫ్టు బటన్ మీద చూసినా ఒక్క క్షణం చూపు తిప్పుకుంటాను. ఐదు పూటల నమాజులో అన్నీ చెప్పుకునేదాన్ని, ఇదొక్కటి దువా చివర్లో నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. పైవాడికి తెలియదనా? తెలుసు. తెలిసినవాడి దగ్గర తల వంచడం తేలిక. తెలియనివాళ్ళకు చెప్పడమే కష్టం. మీకు నేనెవరో తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను.

ముందే ఒక మాట. ఇది ఏడుపు కథ కాదు. నా జీవితంలో నేను అంతగా నవ్విన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ రోజు వాటిలో ఒకటి. సిగ్గు కూడా అందుకే. ఏడుస్తూ తప్పు చేసినవాళ్ళకు ఏదో ఒక సాకు దొరుకుతుంది. నేను కడుపారా నవ్వి, ఆ నవ్వు ఇంకా చెంపల మీద ఉండగానే చేశాను.

నేను బడిలో చదువుకోలేదు. మెట్‌పల్లిలో మా అబ్బాకు గడియారాలు బాగుచేసే కొట్టు ఉండేది. చిన్నప్పుడు నాకు ఆయాసం. బడిలో వేసిన మొదటి రోజే చాక్‌పీసు దుమ్ముకు ఊపిరాడక పడిపోయానట. ఇక బడి వద్దన్నాడు డాక్టరు. అబ్బా నన్ను తన బల్లకు అవతలివైపు కూర్చోబెట్టి, తెలుగు, ఉర్దూ, లెక్కలు అన్నీ తనే నేర్పారు. కంటికి అద్దం బిగించుకుని, ఆవగింజంత చక్రాన్ని చిమటాతో పట్టుకుని ఆయన పని చేస్తుంటే, నేను తుమ్మినా ఆ చక్రం ఎగిరిపోయేది. అందుకే మా బడిలో చప్పుడుండేది కాదు. గోడ మీది గడియారాల టిక్కుటిక్కు తప్ప. చదువంటే నిశ్శబ్దమని నా ఒంటికి అలా పట్టేసింది. పదో తరగతి ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. అల్‌హమ్దులిల్లా, అంతకన్నా ప్రేమగా చదువు ఎవరికి దొరుకుతుంది?

మరి ఆ మాట నలుగురిలో ఎందుకు చెప్పలేకపోయాను? పెళ్ళయ్యి ఖతర్ వచ్చాక, ఐన్ ఖాలిద్‌లో మా ఇంటి చుట్టుపక్కల ఆడవాళ్ళంతా "మా స్కూల్లో", "మా కాన్వెంట్లో" అని మాట్లాడుకుంటుంటే నేను నవ్వుతూ వినేదాన్ని. ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

అవి వరల్డ్ కప్ కోసం ఊరంతా తవ్వుతున్న రోజులు. నిన్న ఉన్న దారి ఇవాళ ఉండేది కాదు. మా ఆయన ఒక స్టేడియంలో కుర్చీలు బిగించే కంపెనీలో పనిచేసేవారు. ఇంటికి రాగానే మా అమ్మాయి "ఇవాళ ఎన్ని కుర్చీలు?" అని అడిగేది. ఆయన చెప్పిన లెక్కను గోడ మీది క్యాలెండర్‌లో రాసుకునేది. ఆ సంతోషం మా ఒక్క ఇంటిదే కాదు. టాక్సీలో కూర్చున్నా, కూరగాయల దగ్గర నిల్చున్నా, ప్రతి ఒక్కరూ ఆ పనిలో తమకూ ఒక మేకు ఉన్నట్టే మాట్లాడేవారు.

అప్పుడు మా అమ్మాయి ఐదో తరగతి. మనవాళ్ళ ట్రస్టు ఒకటి నడిపే బడి. పక్కపక్కనే రెండు భవనాలు, ఒకటి చిన్నపిల్లలది, రెండోది ఆరు నుంచి ఎనిమిది దాకా. ఆ పెద్దపిల్లల బడికి అనుమతి కొన్నేళ్ళకొకసారి కొత్తగా తీసుకోవాలి. అందుకు ముగ్గురు వచ్చి, ప్రతి టీచర్ క్లాసులో కూర్చుని, ఐదుకు ఇన్ని అని మార్కు వేయాలి. ముగ్గురిలో ఒకరు తల్లి అయి ఉండాలి. పిల్ల ఇంకా ఆ బడిలో చేరని తల్లి. నన్ను ఎన్నుకున్నారు. ఎందుకో తెలుసా? తల్లిదండ్రుల మీటింగుల్లో నేను ఎప్పుడూ మాట్లాడను కాబట్టి చాలా ఆలోచించే మనిషిని అనుకున్నారట.

కాదనవచ్చు కదా? అనలేదు. లోపల ఎంత మురిసిపోయానో! ఫారంలో 'మీరు చదివిన పాఠశాల' అన్నచోట, పరీక్ష రాయడానికి నాలుగు రోజులు వెళ్ళిన బడి పేరు రాశాను. చిన్న అబద్ధం అనుకున్నాను. మొదటిది అదే.

మాకు పెద్ద, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. కేరళ ఆవిడ. అందరూ పెద్ద మేడమ్ అనేవారు. రెండో ఆయన ఒక ఇంజినీరు గారు. పొద్దున్నే పెద్ద మేడమ్ మాకు నియమం చెప్పారు: ముగ్గురి మార్కులూ కలిపి తొమ్మిదికి తగ్గితే, వచ్చే ఏడు ఆ క్లాసు ఆ టీచర్ చేతిలో ఉండదు. విన్నాను. అర్థమైంది. వినలేదని ఇవాళ అనలేను.

మూడో పీరియడ్‌కు ఆరో తరగతి లెక్కల క్లాసుకు వెళ్ళాం. సుజాత టీచర్. కాకినాడ వైపు మనిషి. పొట్టిగా, కొంగు నడుముకు దోపుకుని ఉంది. బెంచీలన్నీ గోడల వారకు జరిపి, వాటి మీద స్కూలు సంచులు మెట్లుమెట్లుగా పేర్చి, గదిని స్టేడియం చేసేశారు. బోర్డు మీద ఒకటే ప్రశ్న: నలభై మంది, ఒక్క తలుపు, బయటపడడానికి ఎంతసేపు? చాక్‌పీసు కాదు, మార్కర్‌తో రాసింది. నాలాంటి పిల్ల ఇక్కడైతే చదువుకునేదే అనుకున్నాను.

ఒక బక్కపిల్ల నా ముందుకొచ్చి నిలబడింది. "ఆంటీ, మీ వాచీలో సెకన్ల ముల్లుందా?"

ఉంది. అబ్బా వాచీ. నా చేతికి వదులైనా అదే పెట్టుకుంటాను.

"అయితే మీరే యల్లా అనాలి. గట్టిగా!"

పెద్ద మేడమ్ వైపు చూశాను. ఆవిడ అప్పుడే కుర్చీలో కూర్చుని, కాగితం మీద పెన్సిల్‌తో ఏదో వేస్తున్నారు. రెండు. స్పష్టంగా కనబడింది. ఇంజినీరు గారు చెవి మీద చెయ్యి పెట్టుకున్నారు. నేను లేచి, ఇక పదండి అన్నట్టు "యల్లా!" అన్నాను. నా జన్మలో నేను గట్టిగా అరిచింది అదే మొదటిసారి. అదీ తరగతి గదిలో.

అందరూ ఒక్కసారే తలుపు మీద పడ్డారు. ఇరుక్కున్నారు. ఒకడి బూటు ఊడి లోపలే ఉండిపోయింది. "ఆంటీ, ఎంత?" యాభై నాలుగు సెకన్లు. టీచర్ ఏమీ చెప్పలేదు. "ఎందుకర్రా అంతసేపు?" అందంతే. పిల్లలు పోట్లాడుకున్నారు, నేల మీద గీతలు గీశారు, గుణించారు, ఇద్దరిద్దరుగా నిలబడి మళ్ళీ వెళ్ళారు. ముప్పై మూడు! అప్పుడు ఆ బక్కపిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని, తోసుకుంటే మనమే ఆలస్యమవుతామని తీర్పు చెప్పి, ఆ లెక్కను మా ఆయన కుర్చీలు బిగించే స్టేడియం దాకా తీసుకెళ్ళింది, ఎన్ని గేట్లు కావాలో బోర్డు మీద వేసి మరీ. నేను కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాను. నా ఒంట్లో ఎక్కడో ముడుచుకుని కూర్చున్న ఆరేళ్ళ పిల్ల లేచి, ఆ గదంతా ఒక చుట్టు పరుగెత్తి వచ్చినట్టనిపించింది. దేవుడా, బడి ఇంత బాగుంటుందా, అనుకున్నాను.

ఆ తర్వాత స్టాఫ్‌రూంలో కూర్చుని, పెన్నుతో మార్కు వేయాల్సి వచ్చింది.

చెయ్యి ఐదు మీదకు వెళ్ళింది. ఆగింది. ఇంత గోల క్లాసులో ఉండవచ్చా? నాకేం తెలుసు? నేను చూసిన బడి ఒక గడియారాల కొట్టు. ముప్పై ఏళ్ళు బడి నడిపినావిడ రెండు వేశారు. నేను ఐదు వేస్తే, "మీరెక్కడ చదివారమ్మా?" అని అడగరూ? అడిగితే ఏం చెప్పాలి? మెట్‌పల్లిలో పరీక్ష రాసినప్పుడు పక్కపిల్ల కాగితం వైపు కన్నెత్తి చూడలేదు నేను. అబ్బా చూడొద్దన్నారు. ఇంత వయసొచ్చాక, ఒక బిడ్డ తల్లినయ్యాక, చూసి రాశాను.

రెండు.

కాగితాలు కవరులో పెట్టారు. ఇంకా అంటించలేదు. కరక్ చాయ్ వచ్చింది. ఇంజినీరు గారు చాయ్ ఊదుకుంటూ, "ఆ లెక్కల క్లాసు చేపల బజారండీ. నాది రెండే. ఆ టీచర్‌కే చెప్పేశాను," అన్నారు.

పెద్ద మేడమ్ నవ్వారు. "నేను నాలుగు వేశాను. ఏ క్లాసుకు వెళ్ళినా కూర్చోగానే పెన్సిల్‌తో రెండు పెట్టుకుంటాను. మిగతాది ఆ క్లాసే సంపాదించుకోవాలి. చివర్లో చెరిపేసి పెన్నుతో వేస్తాను. అది నా అలవాటు."

కప్పు కింద పెట్టి లెక్కేసుకున్నాను. నాలుగూ, రెండూ, నా రెండూ. ఎనిమిది. నేను కనీసం మూడు వేసి ఉంటే చాలు.

"ఎవరైనా మార్చుకోవాలంటే ఇప్పుడే చెప్పండి," అన్నారు మేడమ్, జిగురు సీసా మూత తీస్తూ. ఎంత దయగా అడిగారో! కవరు నా చేతికి జానెడు దూరం. అబ్బా వాచీలో సెకన్ల ముల్లు తిరుగుతోంది. ఒక్క మాట చాలు. కానీ ఎందుకు మారుస్తున్నారంటే? మీది చూసి వేశానని చెప్పాలి. అది చెబితే మిగతా అంతా చెప్పాలి.

నేను చాయ్ తాగాను.

బడికి అనుమతి వచ్చింది, మిఠాయిలు పంచారు. సుజాత టీచర్‌ను పక్క భవనానికి, ఒకటో తరగతికి మార్చారు. మరుసటి ఏడు మా అమ్మాయి ఆరో తరగతికి వెళ్ళింది. కొత్త సారు మంచివాడే. మొదటి వారం ఇంటికొచ్చి, "అమ్మీ, మా మ్యాథ్స్ క్లాసులో ఏసీ చప్పుడు భలే వినిపిస్తుంది," అంది. నా కడుపున పుట్టిన పిల్లకు నా నిశ్శబ్దాన్నే ఇచ్చానా? నా నిశ్శబ్దంలో అబ్బా ఉన్నారు. దీని నిశ్శబ్దంలో ఎవరున్నారు?

కొన్ని నెలలకు అల్ మన్సూరాలో ఒక కూరగాయల కొట్టులో, కరివేపాకు దగ్గర, వెనక నుంచి ఎవరో నా భుజం పట్టుకున్నారు.

"అయ్యో, వాచీ ఆంటీ! మీరేనా?" సుజాత టీచర్. "మా పిల్లలు మీకు పెట్టిన పేరండీ అది."

"మంచిగున్నరా టీచర్?" అన్నాను.

"భేషుగ్గా ఉన్నానండీ. ఒకటో క్లాసోళ్ళు ఆరో క్లాసోళ్ళకంటే పెద్ద రౌడీలు. మొన్న కూడికలని చెప్పి గదిలో ఒంటెల బారు కట్టించాను. ఒంటె నేనే!" పకపకా నవ్వింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "మీకు థాంక్స్ చెప్పాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నానండీ."

"నాకెందుకు?"

"నాకొచ్చింది ఎనిమిది. పెద్ద మేడమ్ కాగితం మీద ఎప్పుడూ రెండే ఉంటుంది, అది మా స్టాఫ్‌రూమంతా చూసిందే. ఇంజినీరు గారు నా ముఖం మీదే రెండన్నారు. మిగిలిన నాలుగు ఎవరివి? నేను లెక్కల టీచర్నండీ బాబూ!"

"టీచర్, అది..."

"ఏం చెప్పకండి. చెప్పకూడదని రూలంట కదా." ఒక కరివేపాకు కట్ట ఎంచి నా బుట్టలో వేసింది. "ఆరో క్లాసు పోయినందుకు నాలుగు రోజులు బెంగపెట్టుకున్నాను, లేదనను. ఇప్పటికీ కల్లోకొస్తారు వెధవలు. కానీ ఆ గోలలో ఒక్క తల్లికైనా చదువు కనబడింది చూశారా, అదండీ నన్ను నిలబెట్టింది."

"అంత మంచి క్లాసు నా జిందగీల ఎన్నడు చూడలే టీచర్," అన్నాను.

అది నిజం. అక్షరాలా నిజం. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని అబద్ధాన్ని దాటేశాను. ఆమె నన్ను గట్టిగా కావలించుకుంది. ఇంకొకరికి చెందిన కౌగిలిని నేను తీసుకున్నాను. వేసిన రెండు కన్నా అదే పెద్ద తప్పని ఇప్పటికీ అనిపిస్తుంది. రెండు వేసినప్పుడు భయపడ్డాను. కరివేపాకు దగ్గర భయం కూడా లేదు. హాయిగా ఉంది. అది చెప్పడానికే ఇన్ని పేజీలు తిరిగాను.

వరల్డ్ కప్‌కు ముందు, మా ఆయన పనిచేసిన స్టేడియం సరిగ్గా నడుస్తోందో లేదో చూసుకోవడానికి ఒక మ్యాచ్ పెట్టి, పనివాళ్ళ కుటుంబాలను పిలిచారు. ఆయన తను బిగించిన వరసలోనే మమ్మల్ని కూర్చోబెట్టి, కుర్చీని తడుతూ, "కదులుతుందా చూడు," అని పదిసార్లు అడిగారు. ఎంత గర్వమో ఆ ముఖంలో! దేవుడు మాకు ఇచ్చినవాటిలో ఆ సాయంత్రం ఒకటి. ఆట అయ్యాక జనమంతా లేచారు. ఎవరూ తోసుకోలేదు. ఇద్దరిద్దరుగా, కబుర్లు చెప్పుకుంటూ, వెడల్పాటి గేట్లలోంచి నీళ్ళలా బయటికి వెళ్ళిపోయారు. నాకు తెలియకుండానే వాచీ చూసుకున్నాను. బూటు ఊడిన పిల్లాడు, నడుం మీద చేతులు పెట్టుకున్న బక్కపిల్ల గుర్తొచ్చి పైకే నవ్వేశాను. "ఏంటమ్మీ?" అంది మా అమ్మాయి. "ఏం లేదు," అన్నాను. మళ్ళీ.

ఆ 'ఏం లేదు' ఇంటిదాకా నాతో వచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను. అచ్చయ్యాక సుజాత టీచర్ చేతికి ఇస్తానా? ఇవ్వాలనే ఉంది. ధైర్యం వస్తుందో లేదో ఇవాళ చెప్పలేను. క్షమించమని మిమ్మల్ని అడగను, మీరు ఇవ్వగలిగింది కాదది. పెన్సిల్‌తో కాక పెన్నుతోనే రాస్తున్నాను.

ఆ నాలుగు నావి కావు టీచర్. ఆ రెండు నాది. పక్కావిడది చూసి వేశాను. నేను ఏ బడిలోనూ చదువుకోలేదు. మీ క్లాసు నాకు మొదటిది.

చెప్పాను. లేచి కిటికీ తీశాను. బయట దుమ్ముంది, ఈ ఊళ్ళో ఎప్పుడూ ఉండేదే. ఊపిరి మాత్రం నిండుగా ఆడుతోంది.