తొంభై ఏడో కుర్చీ

సభలకు కుర్చీలు వేసే అతనికి వరసలన్నీ సమానంగా రావాలి. అంకె చెవిన పడగానే కుడిచేతి వేళ్లు తొడ మీద కదులుతాయి. తొంభై ఒకటిని విడదీయలేమని అందరూ అనుకుంటారు గానీ, అతను చకచకా ఏడు వరసల్లో పదమూడేసి వేసేస్తాడు. ఒక్కటి మిగిలినా ఆ పూట అన్నం సహించదు.

ఆ ఉదయం ఒక సంతాపసభకు తొంభై ఆరు కుర్చీలు దింపి, ఎనిమిది వరసల్లో పన్నెండేసి వేశాడు. వెనక్కి తిరిగితే గోడవారగా ఇంకొకటి కనిపించింది. మళ్లీ లెక్కపెట్టాడు. తొంభై ఏడు. రెండుతో, మూడుతో, అయిదుతో, ఏడుతో భాగించి చూశాడు. దేనికీ లొంగలేదు. పది పదులు వంద గనుక, పదికి మించిన అంకెతో చూడాల్సిన పని కూడా లేదు. అప్పటికి హాల్లోకి వచ్చింది చనిపోయినాయన భార్య ఒక్కతే.

"అమ్మా, ఈ కుర్చీ మీరు తెప్పించారా?" అని ఆవిడను అడిగాడు.

"లేదు బాబూ. అయినా అక్కడే ఉండనీ. మా ఆయన ఎక్కడికెళ్లినా అందరికీ దూరంగా, ఇలాగే గోడ పక్కన కూర్చునేవారు," అందావిడ మామూలుగా.

సరే, కాస్త వేదిక వైపు తిప్పుదామని అతను కుర్చీ మీద చెయ్యి వేశాడు. కూర్చునే చోటు వెచ్చగా ఉంది.